ట్రోమ్సోలో వాతావరణ సూచనను ఎన్ని గంటల వరకు నమ్మొచ్చు? తమ్ముడు అక్కడ చదువుతున్నాడు

హన్మకొండ_అక్క:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, స్కూల్లో సోషల్ చెప్తాను. మా తమ్ముడు ఈ ఆగస్టులో మాస్టర్స్ చదవడానికి నార్వేలో ట్రోమ్సో అనే ఊరికి వెళ్లాడు. ఆర్కిటిక్ వలయం దాటి ఇంకో 350 కిలోమీటర్లు పైకి వెళ్తే వచ్చే ఊరు, సముద్రం మధ్యలో దీవి మీద ఉంటుంది. వాడు వెళ్లిన రోజు నుంచి మా అమ్మకు ఒకటే పని. పొద్దున చాయ్ తాగకముందే ఫోన్ తీసి ట్రోమ్సో వాతావరణం చూస్తుంది. వంటింట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో పాల లెక్క రాసుకునే గడుల్లో ఇప్పుడు పాల పక్కన మైనస్ 3, మైనస్ 6, ప్లస్ 2 అని కూడా రాస్తోంది. నవంబర్ 27 నుంచి అక్కడ సూర్యుడే ఉదయించడం లేదు కదా, ఫోన్‌లో మధ్యాహ్నం 12 గంటలకు కూడా చంద్రుడి బొమ్మ వస్తుంటే మొదటి రోజు ఫోన్ పాడైందనుకుంది.

అసలు విషయం చెప్తాను. పోయిన గురువారం ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లో రాత్రంతా ఆకాశం నిర్మలం అని చూపించింది. తమ్ముడు, ఇంకో ముగ్గురు పక్క దీవికి నార్తర్న్ లైట్స్, అంటే రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, చూడటానికి బస్సులో వెళ్లారు. వాళ్ల టైమ్ ప్రకారం రాత్రి 9 కల్లా రూమ్‌కు వచ్చి మెసేజ్ పెడతానన్నాడు, అంటే మనకు ఒంటిగంటన్నర. మెసేజ్ రాలేదు. ఫోన్ స్విచ్ ఆఫ్. అమ్మ, నేను హాల్లో కూర్చుని అదే యాప్‌ను మళ్లీ మళ్లీ తెరిచి చూస్తే ఇంకా చంద్రుడు, నక్షత్రాలే చూపిస్తోంది. మూడింటికి ఒక్కసారిగా బొమ్మ మారి మంచు, ఈదురు గాలి అని వచ్చింది. అప్పటికి అక్కడ గంట నుంచి మంచు తుఫాను కొడుతోందట. చివరి బస్సు రాలేదు, చలికి ఫోన్ చార్జింగ్ పడిపోయింది, క్లాస్‌మేట్‌కు తెలిసినవాళ్ల ఇంట్లో తలదాచుకున్నారు. మనకు పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ చేశాడు. ఆ ఏడు గంటలు ఎలా గడిచాయో మాకే తెలుసు.

ఇప్పుడు తెలుసుకోవాలనుకుంటున్నది ఏంటంటే, అక్కడ సూచన ఇంత తొందరగా ఎందుకు మారుతుంది? ఎన్ని గంటల ముందు చెప్పింది నమ్మొచ్చు? వేరే ఏదైనా మంచి యాప్ ఉందా? ఇంకో డౌట్ కూడా ఉంది. ఆర్కిటిక్ అంటే మైనస్ 30, 40 ఉంటుందనుకున్నాం, చూస్తే మైనస్ 4 చుట్టూనే తిరుగుతోంది. మరి తమ్ముడు చలి భరించలేకపోతున్నా అని ఎందుకంటున్నాడు? తెలిసినవాళ్లు ఉంటే కొంచెం వివరంగా చెప్పండి, అమ్మకు నేనే అర్థమయ్యేలా చెప్పాలి.

పరకాల_అబ్బాయి:

అక్కా, ముందు అమ్మకు ధైర్యం చెప్పండి. నేను మూడేళ్లు అక్కడే ఉన్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. మీ తమ్ముడికి జరిగింది అక్కడికి కొత్తగా వెళ్లిన ప్రతివాళ్లకూ మొదటి చలికాలంలో ఏదో ఒక రూపంలో జరుగుతుంది.

ఆ యాప్ తీసేయండి. అక్కడివాళ్లంతా చూసేది యర్ అనే దాన్ని, వెబ్‌సైట్ అడ్రస్ వైఆర్ డాట్ ఎన్ఓ. నార్వే ప్రభుత్వ వాతావరణ సంస్థ, వాళ్ల ప్రభుత్వ రేడియో టీవీ సంస్థ కలిసి 2007లో మొదలుపెట్టాయి, పూర్తిగా ఉచితం, ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. యర్ అంటే వాళ్ల భాషలో తుంపర, మనం ముసురు పట్టింది అంటామే, ఆ సన్న జల్లు. అందులో హన్మకొండ కూడా చూసుకోవచ్చు, కానీ నార్వే ఊళ్లకు వచ్చేంత వివరం మనకు రాదు.

దాన్ని చూడటానికి ఒక పద్ధతి ఉంది. బొమ్మ చూడొద్దు. నేనూ మొదట్లో బొమ్మే చూసేవాణ్ని. గంట గంటకు ఇచ్చే పట్టిక తెరిచి ముందు గాలి చూడాలి, తర్వాత టెంపరేచర్, ఆ తర్వాతే బొమ్మ. గాలి సెకనుకు ఇన్ని మీటర్లు అని ఉంటుంది, దాన్ని 3.6తో గుణిస్తే మన కిలోమీటర్ల లెక్క వస్తుంది. 10 అని ఉంటే గంటకు 36 కిలోమీటర్లు. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, అది మధ్యమధ్యలో ఒక్కసారిగా విసిరికొట్టే గాలి వేగం. నేనైతే ఆ రెండో అంకె 15 దాటితే ఊరు దాటి వెళ్లేవాణ్ని కాదు.

మైనస్ 4కే చలి ఎందుకంటే అదీ గాలి వల్లే. మైనస్ 5 ఉండి గాలి 10 మీటర్ల వేగంతో ఉంటే ఒంటికి తగిలే చలి మైనస్ 14 దాకా ఉంటుంది. పైగా సముద్రం గాలి, తేమ ఉంటుంది, చేతి తొడుగు తీసి ఫోన్‌లో ఒక మెసేజ్ కొట్టేలోపు వేళ్లు కొంకర్లు పోతాయి. ఫోన్ బ్యాటరీ 40 శాతం చూపిస్తూ చూపిస్తూనే ఆఫ్ అవుతుంది. తమ్ముడికి చెప్పండి, ఫోన్ పైజేబులో కాదు, లోపలి స్వెటర్‌కు ఆనుకుని ఉండే జేబులో పెట్టుకోవాలి.

ఇంకా ఒకటి. మైనస్ 10 కంటే సున్నా చుట్టూ తిరిగే రోజులే ప్రమాదం. మైనస్ 10లో మంచు పొడిగా ఇసుకలా ఉంటుంది, బూటు కింద కరకరమంటుంది కానీ జారదు. జనవరి ఆఖర్లో ఒకసారి నైరుతి గాలి వచ్చి ప్లస్ 5 అయింది, రెండు రోజులు ఏకధాటిగా వాన. రోడ్డు మీద మంచంతా తొక్కి తొక్కి గట్టిపడి ఉంది కదా, దాని మీద వాన పడి, రాత్రికి మళ్లీ మైనస్ 3కి దిగింది. పొద్దున చూస్తే మా హాస్టల్ ముందు వాలు మొత్తం అద్దం పరిచినట్టు ఉంది. పాల డబ్బా పట్టుకుని దిగుతూ పడ్డాను, కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. ఆ రోజు యర్‌లో చక్కగా మేఘం చాటున సూర్యుడి బొమ్మ ఉంది. ఎండకు, వానకు బొమ్మ ఉంటుంది, నేల ఎలా ఉందో చెప్పే బొమ్మ ఉండదు. బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లు దొరుకుతాయి అక్కడ, బ్రొడ్డర్ అంటారు, రబ్బరు పట్టీలాగా లాగి వేసుకోవడమే. తమ్ముడు కొన్నాడో లేదో ఈరోజే అడగండి. చీకట్లో కార్లవాళ్లకు కనపడేలా కోటుకు వేలాడదీసే మెరిసే బిళ్లలు కూడా.

మొగులు_చూసేటోడు:

అక్కా, మాది జగిత్యాల. వాతావరణ డేటాతోనే నా పని, మన దగ్గరి వానల లెక్కలు చూస్తాను. ట్రోమ్సో వెళ్లలేదు కానీ ఆర్కిటిక్ సూచనల గురించి చదవడం నాకు చాలా ఇష్టం, మీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పెద్దగానే రాస్తాను.

ముందు సూచన ఎందుకు మారుతుంది అనేది. ట్రోమ్సో ముందు సముద్రం చలికాలంలో కూడా గడ్డకట్టదు. అట్లాంటిక్ నుంచి వెచ్చటి నీటి ప్రవాహం నార్వే తీరం వెంబడి పైదాకా వెళ్తుంది, నడి చలికాలంలో కూడా నీళ్లు సుమారు 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. అందుకే ట్రోమ్సో వాతావరణ కేంద్రంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 18.4 మాత్రమే. అదే నార్వే ఉత్తరాన సముద్రానికి దూరంగా ఉన్న కారాస్యోక్‌లో 1886 జనవరి 1న మైనస్ 51.4 నమోదైంది. కాబట్టి మైనస్ 40 మీ తమ్ముడి దగ్గరికి రాదు, అమ్మకు ముందు ఈ మాట చెప్పండి.

కానీ ఆ వెచ్చటి నీళ్లే సూచన చెప్పేవాళ్లకు కష్టం తెచ్చిపెడతాయి. చలికాలమంతా ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఊగుతుంటుంది. మన దగ్గర 36 డిగ్రీలు అని చెప్పి 38 వస్తే ఎవరికీ తెలియదు. అక్కడ మైనస్ 1 అని చెప్పి ప్లస్ 1 వస్తే మంచు పడాల్సిన చోట వాన పడుతుంది, రోడ్డు మారిపోతుంది, బస్సులు మారిపోతాయి. తప్పు అంతే, దాని ఫలితం మాత్రం ఎన్నో రెట్లు. ఈ మాట మా క్లాసులో ఒక సార్ చెప్పినప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది.

రెండోది, మీ తమ్ముడు ఇరుక్కున్న లాంటి తుఫాను. ఉత్తరాన ధ్రువం వైపు సముద్రం గడ్డకట్టి ఉంటుంది, దాని మీది గాలి మైనస్ 20, ఇంకా కింద. ఆ గాలి దక్షిణానికి కదిలి ఒక్కసారిగా ఈ 5 డిగ్రీల నీళ్ల మీదికి దిగుతుంది. మరుగుతున్న ఎసరు మీద మూత తీసినట్టే, కింద నుంచి వేడి, తేమ బుసబుసా పైకి లేస్తాయి. నీటి ఉష్ణోగ్రతకు, సుమారు 5 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఉష్ణోగ్రతకు 43 డిగ్రీలో అంతకంటే ఎక్కువో తేడా ఉందంటే అక్కడి ఫోర్‌కాస్టర్లు అప్రమత్తం అవుతారు, పోలార్ లో అనే చిన్న అల్పపీడనం పుట్టే అవకాశం ఉందని. చిన్నదంటే 200 నుంచి 1000 కిలోమీటర్ల వెడల్పు. మన బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే వాయుగుండం అయ్యేదాకా, తీరం దాటేదాకా టీవీలో మూడు నాలుగు రోజులు చూస్తూ ఉంటాం కదా, ఇది కొన్ని గంటల్లో పుడుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. భూమి మీదికి ఎక్కగానే కింద నుంచి వేడి ఆగిపోయి చచ్చిపోతుంది, కానీ తీరం మీద ఉన్న ఊరికి ఆ ఆఖరి దెబ్బ తగులుతుంది. పాతకాలంలో చేపల పడవలు ఇలా ఎన్ని మునిగాయో. 1960లలో ఉపగ్రహాల ఫోటోలు వచ్చాకే వీటి రూపం స్పష్టంగా కనిపించింది. మీ తమ్ముడి రాత్రి వచ్చింది ఇదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మామూలు మంచు జల్లుల వరుస కూడా అయ్యుండొచ్చు. రెండింటికీ మూలం మాత్రం ఆ చల్లగాలి, వెచ్చటి నీళ్లే.

ఇక ఆ యాప్ ఎందుకు మోసం చేసిందంటే, ఫోన్‌లతో వచ్చే చాలా యాప్‌లు ప్రపంచం మొత్తానికి ఒకే రకం లెక్క వాడతాయి. ఆ లెక్కనే మోడల్ అంటారు, అందులో భూమిని గడులుగా కోస్తారు. ప్రపంచ స్థాయి లెక్కల్లో మంచి పేరున్న యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌లో కూడా ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు. అంటే హన్మకొండ, కాజీపేట దాదాపు ఒకే గడిలో పడతాయి. మనకు నేల చదును కాబట్టి నడిచిపోతుంది. ట్రోమ్సోలో అదే గడిలో సముద్రం ఉంటుంది, దీవి ఉంటుంది, ఎదురుగా 1238 మీటర్ల కొండ ఉంటుంది. అన్నిటినీ కలిపి సగటు తీస్తే ఏ చోటికీ సరిపోని సూచన వస్తుంది. నార్వేవాళ్లు ఆర్కిటిక్ కోసం ప్రత్యేకంగా నడిపే మోడల్‌లో గడి 2.5 కిలోమీటర్లే, పేరు ఆరోమ్ ఆర్కిటిక్, ఆరు గంటలకోసారి కొత్త లెక్క వేసి 66 గంటల ముందు దాకా చెబుతుంది. పరకాల అన్న చెప్పిన యర్‌లో మొదటి రెండున్నర రోజులకు వాడేది ఇలాంటి చిన్న గడుల లెక్కే. ఆ తర్వాతి రోజులకు మళ్లీ పెద్ద గడుల లెక్క.

కాబట్టి ఎన్ని గంటలు నమ్మొచ్చు అంటే, నా లెక్క ఇది. గంటన్నర లోపు వాన, మంచు ఎక్కడెక్కడ పడుతున్నాయో యర్‌లోనే రాడార్ ఆధారంగా వస్తుంది, బయటికి అడుగు పెట్టేముందు చూడాల్సింది అదే. ఆరు గంటల నుంచి పన్నెండు గంటల దాకా గాలి దిశ, వేగం బాగా నమ్మొచ్చు. రెండున్నర రోజుల దాకా వెచ్చబడుతుందా చల్లబడుతుందా అన్నది నమ్మొచ్చు, ఏ గంటకు మంచు పడుతుందన్నది కాదు. వారం తర్వాతి బొమ్మలు చూసి ప్రయాణం పెట్టుకోవద్దు. పొద్దున చూసినా సాయంత్రం బయలుదేరే ముందు మళ్లీ చూడాలి, ఎందుకంటే ఆరు గంటలకోసారి లెక్క మారుతుంది.

మన దగ్గరా అంతే కదక్కా. మా బాపు మూడేళ్ల కింద మిర్చి బస్తాలు మార్కెట్‌కు తీసుకెళ్లాడు. వారం ముందు ఏదో యాప్‌లో చూసి ఎండ అనుకున్నాడు, ఆ పూట మళ్లీ చూడలేదు. ఆరబోసిన కాయ మీద సాయంత్రం రాళ్ల వాన పడింది. టార్పాలిన్ కప్పేలోపు సగం తడిసింది, తడిసిన కాయకు ధర ఎంత వచ్చిందో ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పటి నుంచి మా ఇంట్లో రూల్, బయలుదేరే ముందు గంటలో ఒకసారి రాడార్ చూడాలి.

హన్మకొండ_అక్క:

ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. మీరు రాసిందంతా అమ్మకు చదివి వినిపించాను. కారాస్యోక్ మైనస్ 51 దగ్గర భయపడింది, ట్రోమ్సో మైనస్ 18 అన్నాక కుదుటపడింది. ఇనుప ముళ్లు తమ్ముడు ఇంకా కొనలేదు, అమ్మ చీవాట్లు పెట్టింది, రేపు కొంటానన్నాడు.

అమ్మ అడిగిన ప్రశ్నలు రెండు. మన దగ్గర తుఫానుకు ముందే పేరు పెట్టి చెప్తారు కదా, అక్కడ చెప్పరా? గాలి దిశ చూడమన్నారు, ఏ దిక్కు నుంచి వస్తే ఏం జరుగుతుంది? అమ్మకు దిక్కులు బాగా తెలుసు, ఇల్లు కట్టినప్పుడు వాస్తు మొత్తం తనే చూసుకుంది.

మొగులు_చూసేటోడు:

పెద్ద తుఫానులకు పెడతారు అమ్మా. నార్వే వాతావరణ సంస్థ 1995 నుంచి తీవ్రమైన వాటికి పేర్లు పెడుతోంది. 2024 జనవరి 31న ఇంగున్ అని ఒకటి మధ్య నార్వే తీరాన్ని తాకింది, ముప్పై ఏళ్లకు పైగా అంత బలమైన తుఫాను అక్కడికి రాలేదు. అలాంటివాటికి రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. పసుపు, ఆరెంజ్, ఎరుపు రంగులుంటాయి, మన వాతావరణ శాఖ ఐఎండీ ఇచ్చినట్టే. పోలార్ లో తుఫాన్లకు మాత్రం ఎక్కువగా పేర్లుండవు, పేరు పెట్టేంత టైమ్ ఉండదు కూడా.

ఇంకో కారణం చెప్పాలి. లెక్క ఎంత మంచిదైనా ఇప్పుడు గాలి ఎలా ఉందో తెలిస్తేనే రేపటి సంగతి తెలుస్తుంది. మన తెలంగాణలో మండలానికి ఒకటైనా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ ఉంది. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని మనకు తెలిసింది అలాంటి స్టేషన్ అక్కడ ఉండబట్టే. ట్రోమ్సోలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 1000 మిల్లీమీటర్లు, అది ఎంత వానో మీరే చూడండి. కానీ ట్రోమ్సోకు ఉత్తరాన ఏముంది? సముద్రం. మధ్యలో బ్యోర్నొయా అని ఒక చిన్న దీవి, ఎలుగుబంటి దీవి అని అర్థం, అక్కడ వాతావరణ కేంద్రంలో పనిచేసే కొద్దిమంది తప్ప ఊరు లేదు. అది దాటితే స్వాల్‌బార్డ్, ధ్రువానికి దగ్గరి దీవుల గుంపు. తుఫాను పుట్టే చోట కొలిచే మనిషే లేడు. మన ఇన్సాట్ లాంటి ఉపగ్రహాలు భూమధ్య రేఖకు పైన ఒకే చోట ఉంటాయి, వాటికి అంత పైన ఉన్న ప్రాంతం ఏటవాలుగా, అస్పష్టంగా కనిపిస్తుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలే ఆధారం. యూరప్ అంతరిక్ష సంస్థ 2024 ఆగస్టులో ఆర్కిటిక్ వెదర్ శాటిలైట్ అని ఒకటి ఈ లోటు తీర్చడానికే పంపింది.

దిక్కుల సంగతి అక్కడ బతికిన పరకాల అన్న చెప్తేనే బాగుంటుంది.

పరకాల_అబ్బాయి:

అమ్మగారికి దిక్కులు తెలుసంటే సగం పని అయిపోయినట్టే. నైరుతి రుతుపవనాలు అంటే నైరుతి నుంచి వచ్చే గాలి కదా, అక్కడా అదే లెక్క, గాలి ఎటు నుంచి వస్తుందో ఆ పేరు. యర్‌లో బాణం గుర్తు మాత్రం గాలి ఎటు పోతుందో అటు చూపిస్తుంది, అక్కడ పొరపడొద్దు.

నైరుతి గాలి వస్తే వెచ్చబడుతుంది, వాన లేదా తడి మంచు, ఆ తర్వాత చల్లబడితే నేను పడ్డానని చెప్పానే, ఆ అద్దం రోడ్డు. ఆగ్నేయం నుంచి వస్తే అది భూమి మీది గాలి, ఫిన్లాండ్ వైపు నుంచి లోయల గుండా దిగుతుంది, పొడిగా చల్లగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. నార్తర్న్ లైట్స్ చూడాలనుకుంటే ఆ రోజులే మంచివి. వాయవ్యం, ఉత్తరం నుంచి వస్తే సముద్రం గాలి, మంచు జల్లులు. వీటినే జాగ్రత్తగా చూడాలి. ఇరవై నిమిషాలు ఎదుటి మనిషి కనిపించనంత మంచు కొడుతుంది, ఆగిపోతుంది, నక్షత్రాలు కనిపిస్తాయి, ఇక పోయిందిలే అని బయలుదేరితే అరగంటలో మళ్లీ ఇంకోటి. మన దగ్గర మే నెలలో హన్మకొండలో కుండపోత, కాజీపేటలో చుక్క పడకపోవడం చూస్తాం కదా, ఆ రకమే, కాకపోతే ఒకదాని వెనక ఒకటి రాత్రంతా. యాప్ ఆ గంటకు నక్షత్రం పెట్టినా తప్పు కాదు, మంచు పెట్టినా తప్పు కాదు. అందుకే బొమ్మ చూడొద్దన్నాను. ఆ గురువారం తమ్ముడు వెళ్లినప్పుడు గాలి ఎటు నుంచి ఉందో ఒకసారి అడిగి చూడండి.

ఇంకోటి, చలికాలం డిసెంబర్‌తో అయిపోతుందని అమ్మగారికి చెప్పకండి. అక్కడ నేల మీద మంచు లోతు రికార్డు 240 సెంటీమీటర్లు, మన ఇంటి తలుపు ఎత్తు కంటే ఎక్కువ, అది ఏ తేదీనో తెలుసా, 1997 ఏప్రిల్ 29. మనకు ఎండలు మండిపోయే రోజు.

మానేరు_ఒడ్డు:

కరీంనగర్ నుంచి. నేను సరుకు ఓడల్లో ఇంజిన్ రూమ్‌లో పనిచేస్తాను. ట్రోమ్సో కాదు కానీ రష్యాలో ముర్మాన్స్క్ రేవుకు రెండుసార్లు వెళ్లాను. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో జనం ఎక్కువ ఉన్నది అదే, రెండున్నర లక్షల పైమాటే, 1916లో కట్టారు. ఆ వెచ్చటి నీళ్ల తోకే అక్కడిదాకా వస్తుంది, అందుకే రేవు ఏడాదంతా తెరిచి ఉంటుంది, కానీ ట్రోమ్సో కంటే చలి బాగా ఎక్కువ. మా కెప్టెన్ వారం సూచన అసలు చూసేవాడు కాదు, గాలి పీడనం కొలిచే బారోమీటర్ చూసేవాడు. మూడు గంటల్లో పీడనం ఎంత పడింది అని రాయించేవాడు. ఇప్పుడు చాలా ఫోన్లలోనే బారోమీటర్ ఉంటుంది, తమ్ముణ్ని ఒక యాప్ వేసుకోమనండి. గబగబా పడిపోతుంటే ఏ సూచన ఏం చెప్పినా లోపలే ఉండాలి.

భీమారం_రాజు:

అక్కా, తప్పుగా అనుకోవద్దు. తమ్ముడు పెద్దవాడు, అక్కడ వేలమంది బతుకుతున్నారు. ఇక్కడ కూర్చుని గంట గంటకు అక్కడి గాలి చూస్తే అమ్మగారికి బీపీ పెరగడం తప్ప ఏం లాభం? మా అన్న కెనడాలో ఉన్నప్పుడు మా అమ్మ కూడా ఇలాగే చేసేది, చివరికి ఫోన్‌లో ఆ యాప్ తీసేశాం, మనశ్శాంతిగా ఉంది.

హన్మకొండ_అక్క:

రాజు గారూ, మీరు మంచికే చెప్పారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ అమ్మ యాప్ చూడటం వల్ల టెన్షన్ పడలేదు, అర్థం కాని యాప్ చూడటం వల్ల పడింది. ఈ నాలుగు రోజులు చూశాక చెప్తున్నాను.

పరకాల తమ్ముడూ, ఆ గురువారం సంగతి అడిగాను. వాడు యూనివర్సిటీలో ఎవరినో అడిగి, పాత రికార్డు తీసి చూసి చెప్పాడు. సాయంత్రం ఆరింటి వరకు ఆగ్నేయం, గాలి 3. ఏడు దాటాక వాయవ్యానికి తిరిగింది, తొమ్మిదికల్లా 13. వాళ్లు బస్సెక్కింది ఆరున్నరకు. ఆకాశం తేటగా ఉందని ఫోటో కూడా పంపాడట ఆ టైమ్‌లో, చార్జింగ్ అయిపోయి మాకు రాలేదు.

ఇప్పుడు అమ్మ క్యాలెండర్ గడిలో డిగ్రీలు రాయడం మానేసింది. పాల లెక్క పక్కన నై, ఆ, వా అని ఒక అక్షరం, పక్కన గాలి అంకె. మనకు రాత్రి 9 అయితే అక్కడ సాయంత్రం నాలుగున్నర, వాడు క్లాసులు అయి బయటికి వచ్చే టైమ్. అప్పుడు ఒకసారి చూస్తుంది, అంతే, పొద్దున చూడటం లేదు. నిన్న రాత్రి గడిలో "వా 14" అని రాసి, వాడికి వాయిస్ మెసేజ్ పెట్టింది: "నాన్నా, ఈ పూట వాయవ్యం ఉంది, లైబ్రరీ నుంచి సీదా రూమ్‌కే పో. ముళ్లు వేసుకున్నవా?"

పది నిమిషాలకు వాడు ఒక ఫోటో పంపాడు. బూట్లు, వాటి కింద నల్ల రబ్బరు పట్టీ, ముళ్ల మధ్యలో ఇరుక్కున్న మంచు.